చేసే చెయ్యి, చూసే కన్ను



బొమ్మలు వేసేవాళ్లనైనా, కథలు రాసేవాళ్లనైనా సభల్లో జనం తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఈ ఆలోచన మీకు ఎలా వచ్చిందండీ?" అడగడంలో తప్పేమీ లేదు. కాకపోతే ఆ ప్రశ్న వెనకాల మనలో చాలామందికి ఉన్న ఒక నమ్మకం కనిపిస్తుంది. బొమ్మంతా ముందే మనసులో సిద్ధమైపోయి ఉంటుందనీ, కథంతా ముందే బుర్రలో అల్లుకుని ఉంటుందనీ, దాన్ని గుడ్డ మీదికో కాగితం మీదికో దించెయ్యడమే ఇక మిగిలిన పని అనీ అనుకుంటాం. వచ్చిన ఆలోచన పని పూర్తయ్యేలోగా ఎన్ని రూపాలు మార్చుకుంది, ఎందుకు మార్చుకుంది అని మాత్రం అడగం. చిత్రకారుడికీ రచయితకీ ఉన్న అసలు చుట్టరికం ఈ రెండో ప్రశ్నకు దొరికే జవాబులో ఉంది. ఇవాళ దాని గురించి మాట్లాడుకుందాం.

ముందుగా రవీంద్రనాథ్ ఠాగూర్ సంగతి. 1924లో ఆయన పెరూ దేశానికని బయల్దేరి, దారిలో జబ్బుపడి అర్జెంటీనాలో ఆగిపోయారు. బ్యూనస్ ఎయిరెస్ నగరానికి దగ్గర్లో శాన్ ఇసిద్రో అనే చోట విక్టోరియా ఒకాంపో అనే రచయిత్రి ఆయనకు బస ఏర్పాటు చేసింది. అప్పటికి ఆయనకు 63 ఏళ్లు. అక్కడ రాసిన కవితలు తర్వాత 'పూరబి' సంపుటిలో చేరాయి. ఆ కవితల రాతప్రతిలో కొట్టివేతలు మామూలు కొట్టివేతల్లా ఉండవు. నచ్చని మాటను ఎవరైనా గీత పెట్టి కొట్టేస్తారు. ఆయన ఆ గీతను అక్కడితో వదిలిపెట్టలేదు. పై పాదంలో కొట్టేసిన మాటను కింది పాదంలో కొట్టేసిన మాటతో ఒక వంపు గీతతో కలిపారు. మధ్యలో సిరా నింపారు. అలా కలుపుకుంటూ పోతే అది ఓ పొడుగు ముక్కు పక్షి అయ్యేది, లేదా ఈ లోకంలో ఎక్కడా లేని జంతువయ్యేది. అంతకు ముందు నుంచే ఉన్న అలవాటే అయినా, 'పూరబి' ప్రతిలో అది కవితలతో పోటీపడేంతగా పెరిగింది. ఒకాంపో ఆ పుటలు చూసి ముగ్ధురాలైంది. 1930 మే నెలలో పారిస్‌లోని పిగాల్ గ్యాలరీలో ఠాగూర్ చిత్రాల మొదటి ప్రదర్శన జరిగింది. దానికి పూనుకుని ఏర్పాట్లు చేసింది కూడా ఆవిడే. జీవితం చివరి దశలో ఆయన రెండు వేలకు పైగా బొమ్మలు వేశారు.

ఇక్కడ ఏం జరిగిందో ఒక్కో మెట్టుగా చూడండి. కవి చెయ్యి ఒక మాటను కొట్టేసింది. కన్ను ఆ మరకలో ఒక రూపాన్ని పసిగట్టింది. చెయ్యి ఆ రూపం వెంట కాస్త దూరం వెళ్లింది. కన్ను మళ్లీ చూసి, ఇది పక్షి కాదు, ముసుగేసుకున్న మనిషి అంది. చెయ్యి దారి మార్చుకుంది. ముందుగా వేసుకున్న పథకం లేదు. ఉన్నదల్లా చెయ్యికీ కన్నుకీ మధ్య నడిచిన సంభాషణ. మాటను కొట్టేసి ఇంకో మాట వెతుక్కునేటప్పుడు కూడా ఇదే సంభాషణ నడుస్తుంది. బొమ్మలో అది పైకి కనిపిస్తుంది, కవితలో అచ్చయ్యేసరికి మాయమవుతుంది. అంతే తేడా. లియొనార్డో డావిన్చీ కూడా తన చిత్రకళా పాఠాల్లో ఒక సలహా ఇచ్చాడు. మరకలు పడ్డ పాత గోడను కాసేపు తేరిపార చూడమన్నాడు. అందులో కొండలు, నదులు, యుద్ధాలు, మొహాలు కనిపిస్తాయన్నాడు. చూడగా చూడగా బయట ఉన్నదేదో లోపలి ఊహను నిద్ర లేపుతుందని ఆయన అనుభవం. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఠాగూర్‌కు ఆ గోడ తన సొంత చిత్తుప్రతిలోనే దొరికింది.

ఇక పికాసో దగ్గరికి వద్దాం. 1937 ఏప్రిల్ 26న స్పెయిన్‌లోని గెర్నికా పట్టణం మీద, అంతర్యుద్ధంలో ఫ్రాంకో పక్షాన వచ్చిన జర్మన్, ఇటాలియన్ విమానాలు బాంబులు కురిపించాయి. పారిస్‌లో జరగబోయే అంతర్జాతీయ ప్రదర్శనలో స్పెయిన్ మండపం కోసం ఒక పెద్ద చిత్రం వేసిపెట్టమని పికాసోను అంతకు ముందే అడిగి ఉన్నారు. బాంబుదాడి వార్త విన్నాక ఆయనకు విషయం దొరికింది. మే 1న చిత్తు బొమ్మలు మొదలుపెట్టి, జూన్ మొదటి వారానికల్లా 11 అడుగులకు మించిన ఎత్తు, 25 అడుగులకు మించిన పొడవు ఉన్న చిత్రం పూర్తి చేశాడు. అది ఎలా మారుతూ వచ్చిందో ఫొటోగ్రాఫర్ డోరా మార్ దశల వారీగా ఫొటోలు తీసింది. ఆ ఫొటోల పుణ్యమా అని, ఒక మహాచిత్రానికి సంబంధించిన చిత్తుప్రతులు వరసగా మన ముందు ఉన్నాయి.

వాటిని చూస్తే ఒక సంగతి కళ్లకు కడుతుంది. మొదట్లో నేలకొరిగిన సైనికుడి చెయ్యి పిడికిలి బిగించి పైకి లేచి ఉంది. తర్వాతి దశలో ఆ పిడికిట్లోకి ధాన్యపు కంకులు వచ్చాయి, వెనకాల సూర్యబింబం వెలిసింది. ఇంకొన్నాళ్లకు చెయ్యీ లేదు, కంకులూ లేవు. సూర్యుడు కాస్తా కరెంటు బల్బు ఉన్న కన్నుగా మారిపోయాడు. వేలాడుతున్న గుర్రం తల పైకి లేచి కేక పెట్టింది. పూలకాగితం ముక్కలు అంటించి చూసి తీసేశాడు. ఆ పిడికిలిని ఎందుకు తీసేశాడు? నాకు తోచే కారణం ఇది. లేచిన పిడికిలి కనబడగానే చూసేవాళ్లు నినాదం చదువుకుని ముందుకు వెళ్లిపోతారు. అది లేకపోతే చచ్చిన బిడ్డను ఒళ్లో వేసుకున్న తల్లి మొహం దగ్గర ఆగక తప్పదు. తాను చెప్పాలనుకున్నది బొమ్మ ఇంకా బలంగా చెబుతోందని గ్రహించి, చిత్రకారుడు తన మాటను వెనక్కి తీసుకున్నాడు.

మన గురజాడ అప్పారావుగారు చేసిన పని దీనికి ఎంత దగ్గరో చూడండి. ఆయన నాటకం 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ప్రదర్శనకు వచ్చింది, 1897లో అచ్చయింది. అప్పటికే దానికి మంచి పేరుంది. అక్కడితో ఆగినా ఎవరూ ఏమీ అనేవారు కాదు. కానీ 1909లో వచ్చిన రెండో కూర్పు చూస్తే దాదాపు కొత్త నాటకం. అయిదంకాలు ఏడంకాలయ్యాయి. మొదటి కూర్పులో పక్కన ఉన్న మధురవాణి, రెండో కూర్పులో కథను తన చేతుల్లోకి తీసుకుంది. ఆడపిల్లల్ని డబ్బుకు పెళ్లి చేసే దురాచారాన్ని ఎత్తిచూపాలని మొదలైన నాటకం అది. ఆ దురాచారం పోయి ఎన్నో ఏళ్లయినా గిరీశమూ, రామప్పపంతులూ, లుబ్ధావధాన్లూ ఇంకా మన మధ్య తిరుగుతున్నారంటే, 1897కీ 1909కీ మధ్య గురజాడ తన నాటకాన్ని పరాయివాడిలా కూర్చుని చదువుకున్నారన్న మాట. సంస్కర్త మొదలుపెట్టిన దాన్ని చదువరి దిద్దాడు. ఆ ఇద్దరూ ఒక్క మనిషే.

అయితే ఇలా దిద్దుకునే వెసులుబాటు అందరికీ ఒకేలా ఉండదు. చేతిలో ఉన్న పరికరం దాన్ని నిర్ణయిస్తుంది. తైలవర్ణంలో రంగు నచ్చకపోతే గీకెయ్యొచ్చు, ఆరాక దాని మీదే ఇంకో పూత వెయ్యొచ్చు. నీటిరంగుల్లో ఆ వీలు బాగా తక్కువ. అక్కడ వెలుగంటే కాగితం తెలుపే. ఎక్కడ వెలుగు కావాలో అక్కడ కుంచె ఆనించకుండా ముందే వదిలెయ్యాలి. తడి సున్నం మీద వేసే కుడ్యచిత్రంలో అయితే ఆ రోజు ఎంత వెయ్యగలరో అంతమేరకే సున్నం పూసుకుంటారు. అది ఆరేలోపు పని ముగియాలి. మన పూర్వకవుల కాలంలో తాటాకు మీద ఘంటంతో గీస్తే చెరిపే దారి లేదు. పద్యమంతా మనసులోనే తిరగేసి, గణాలూ యతులూ సరిచూసుకుని, నాలుక మీద నిలిచాకే ఆకు మీదికి తేవాలి. కంప్యూటర్ మీద రాసేవాళ్లది దీనికి పూర్తిగా ఎదురు బాధ. ఎంతైనా చెరపొచ్చు, ఏదైనా మార్చొచ్చు, విడిగా దాచుకోకపోతే మార్చిన దాని ఆనవాలు కూడా మిగలదు. నిన్న రాసింది ఇవాళ్టి దానికంటే బాగుందేమో పోల్చి చూసుకుందామంటే నిన్నటిది ఉండదు.

ఈ రెండు చివరలకీ మధ్య దారి ఒకటి మన శ్రీకాళహస్తిలో ఉంది. అక్కడి కలంకారీ పనివాళ్లు ముందుగా గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెడతారు. తర్వాత చింతబరికెలు కాల్చిన బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఈ బొగ్గు గీత దులిపితే పోతుంది. నచ్చలేదంటే మళ్లీ గీసుకోవచ్చు. అన్నీ కుదిరాయనిపించాక వెదురు కలం అందుకుంటారు. ఆ కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కితే రంగు దిగుతుంది. తుప్పుపట్టిన ఇనుమూ బెల్లమూ నీళ్లలో పులియబెట్టి తీసిన ఆ రంగులోని ఇనుము, గుడ్డలో ఇంకిన కరక్కాయ వగరుతో కలిసి నల్లబడుతుంది. ఆ నలుపు ఇక ఉతికినా పోదు. అంటే ఒకే బొమ్మలో రెండు ఘట్టాలున్నాయి. తప్పులు చేయడానికి స్వేచ్ఛ ఉన్న ఘట్టం ఒకటి, ఒక్క తప్పుకూ చోటులేని ఘట్టం ఒకటి. ఏ ఘట్టంలో ఉన్నామో తెలుసుకోవడమే సగం పనితనం. చిత్తుప్రతి రాసేటప్పుడే తుదిప్రతి భయం పెట్టుకుంటే చెయ్యి కదలదు. తుదిప్రతిలో చిత్తుప్రతి ధీమా చూపిస్తే పని పాడవుతుంది.

ఆ కలంకారీ గుడ్డల్లో మరో విశేషం ఉంది. రామాయణ భారత కథలు గళ్లుగళ్లుగా వేసి, ఆ గళ్ల కింద కథను తెలుగులో రాస్తారు. సీతాదేవి కంటిని గీసిన కలమే ఆమె పేరును కూడా రాస్తుంది. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టిగారు కలం పట్టి బొమ్మలు వేయడమే కాకుండా ఆ విద్య గురించి పుస్తకాలు కూడా రాశారు. చిత్రకారుడు వేరు, రచయిత వేరు అన్న గీత మనవాళ్లు ఎప్పుడూ అంత గట్టిగా గియ్యలేదు. అడివి బాపిరాజుగారు మచిలీపట్నం జాతీయ కళాశాలలో చిత్రకళ నేర్చుకున్నారు. 'నారాయణరావు', 'హిమబిందు', 'గోన గన్నారెడ్డి' నవలలు రాశారు. ఆయన వర్ణించే చీర అంచు, నగ, గుర్రం మీది జీను చదువుతుంటే, ఇది ముందు బొమ్మకట్టి తర్వాత మాటకట్టిన మనిషి రాత అని తెలిసిపోతుంది.

ఇలా కుంచె కూడా పట్టిన రచయితల్లో మన ఆకాశవాణి మనిషి ఒకరున్నారు. బుచ్చిబాబుగారు. అసలు పేరు శివరాజు వెంకట సుబ్బారావు. 'చివరకు మిగిలేది' నవలా రచయిత. 1945లో ఆకాశవాణిలో చేరి, 1967లో కన్నుమూసేదాకా ఇక్కడే పనిచేశారు. ఆయన ప్రకృతి దృశ్యాలు చిత్రించేవారు. ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మిగారు కూడా కథలు రాశారు, బొమ్మలు వేశారు. ఒకే ఇంట్లో రెండు కలాలు, రెండు కుంచెలు. ఆయన నవల చదివినవాళ్లకు సంఘటనల కంటే కథానాయకుడు దయానిధి మనసులో కదిలే నీడలు, వెలుతురు ఎక్కువ గుర్తుండిపోతాయి. సంగతిని గీతలా గీసి చూపకుండా, రంగు పక్కన రంగు పెట్టినట్టు అనుభవం పక్కన అనుభవం పెట్టుకుంటూ పోతారు. దూరంగా జరిగి చూస్తే మనిషి కనిపిస్తాడు.

దూరంగా జరగడమన్నాను కదా. అది కూడా ఇద్దరికీ ఉమ్మడి విద్యే. చిత్రకారుడు పని చేస్తూ చేస్తూ నాలుగడుగులు వెనక్కి వేస్తాడు. కళ్లు సగం మూసి చూస్తాడు. అలా చూస్తే చిన్న వివరాలు చెదిరిపోయి, ముదురు రంగులు ఎక్కడున్నాయి, లేత రంగులు ఎక్కడున్నాయి అన్నది మాత్రమే మిగులుతుంది. వేసిన బొమ్మను అద్దంలో చూసుకోమని లియొనార్డో చెప్పాడు. కుడి ఎడమలు తారుమారై అది ఎవరో వేసిన బొమ్మలా కనిపిస్తుంది, తప్పులు ఇట్టే బయటపడతాయి. రచయితకు అద్దం ఏది? కొందరు రాసింది కొన్నాళ్లు పెట్టెలో పడేసి, మరిచిపోయాక తీస్తారు. కొందరు పైకి చదువుకుంటారు. రేడియోకి రాసేవాళ్లకు ఈ రెండోది తప్పనిసరి. కాగితం మీద దర్జాగా నిలబడిన వాక్యం మైకు ముందు ఊపిరి అందక కూలబడుతుంది. కన్ను క్షమించిన దాన్ని నాలుక క్షమించదు. ఇన్ని ఉపాయాలూ ఒక్కదాని కోసమే. తాను చేసిన దాన్ని తాను చెయ్యనట్టుగా చూడటం కోసం.

అలా చూడటం వచ్చాక తెలిసే సంగతి ఒకటుంది. ఏం చేర్చాలన్న దానికంటే ఏం వదిలెయ్యాలన్నది కష్టం. ఫ్రెంచ్ చిత్రకారుడు సెజాన్ 1899లో చిత్రవ్యాపారి వొలార్ బొమ్మ వేశాడు. ఆ బొమ్మ కోసం తాను 115 సార్లు కదలకుండా కూర్చోవలసి వచ్చిందని వొలార్ తర్వాత రాసుకున్నాడు. అన్ని సార్లు కూర్చున్నా చేతి మీద రెండు చిన్న చోట్ల గుడ్డ ఖాళీగానే మిగిలిపోయింది. ఏమిటని అడిగితే, అక్కడ తోచిన రంగేదో పెట్టేస్తే ఆ చోటు నుంచి బొమ్మంతా మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుందని సెజాన్ జవాబు చెప్పాడట. చిన్న మచ్చంత చోటులో వేసే రంగు కూడా బొమ్మ మొత్తానికి జవాబుదారీ అన్నమాట. కథలో ఒక విశేషణం మారిస్తే ముగింపు తేలిపోవడం రచయితలకు తెలిసిన అనుభవమే. 1920లలో పారిస్‌లో ఉన్న అమెరికన్ రచయిత హెమింగ్వే, లక్సెంబర్గ్ మ్యూజియంకు వెళ్లి సెజాన్ బొమ్మల ముందు నిలబడేవాడు. నిజమైన చిన్న వాక్యం రాస్తే చాలదని, కథకు లోతు రావాలంటే ఇంకేదో కావాలని ఆ బొమ్మల దగ్గర నేర్చుకుంటున్నట్టు తన జ్ఞాపకాల్లో రాశాడు.

వదిలెయ్యడంలో మనకూ గురువులున్నారు. ముళ్లపూడి వెంకటరమణగారూ బాపుగారూ చిన్నవయసులోనే రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య నడిపిన 'బాల' పత్రిక ద్వారా పాఠకులకు పరిచయమైనవాళ్లు. వాళ్ల 'బుడుగు' తీసి చూడండి. రమణ మాటల్లో చెప్పేసిన దాన్ని బాపు మళ్లీ గియ్యరు. మాట చెప్పలేని భుజం ఎగరేతను, జడ విసురును పట్టుకుంటారు. వెనకాల గోడ ఉండదు, నేల కూడా ఉండకపోవచ్చు. నాలుగు గీతల్లో పిల్లాడు మన ఎదుట నిలబడతాడు. మిగతా ఇల్లంతా చదివేవాళ్లే కట్టుకుంటారు.

ఇన్ని పోలికలు చెప్పాక తేడా కూడా చెప్పుకోవాలి. జర్మన్ విమర్శకుడు లెసింగ్ 1766లో ఈ తేడా మీద ఒక గ్రంథమే రాశాడు. చిత్రానిది చోటు, కవిత్వానిది కాలం అన్నది ఆయన వాదన. బొమ్మ ఒక్క చూపుకు మొత్తంగా కనబడుతుంది. కథ ఒక మాట తర్వాత ఒక మాటగా నడుస్తుంది. 'ఆ రోజు ఎవరూ రాలేదు' అని కథకుడు నాలుగు ముక్కల్లో రాసేస్తాడు. రానివాళ్లను చిత్రకారుడు ఎలా గీస్తాడు? ఖాళీ కుర్చీ వెయ్యాలి, చల్లారిన టీ కప్పు వెయ్యాలి. కాదనలేం. కానీ లెసింగ్ చెప్పింది పూర్తయిన పని గురించి. పని జరుగుతున్నప్పుడు చూస్తే ఇద్దరూ స్థానాలు మార్చుకుంటారు. ఒక్క చూపులో కనిపించే బొమ్మను చిత్రకారుడు రోజుల తరబడి ఒక గీత తర్వాత ఒక గీతగా కూడబెడతాడు. గంటల తరబడి చదివే నవలను రచయిత ఒక్క చూపులో మొత్తంగా చూడగలగాలి. లేకపోతే మొదటి అధ్యాయానికీ చివరి అధ్యాయానికీ బంధుత్వం తెగిపోతుంది.

ఇక ఆఖరి చిక్కు. ఎక్కడ ఆపాలి? ఫ్రెంచ్ రచయిత బాల్జాక్ 1831లో రాసిన ఒక కథలో ఫ్రెన్‌హోఫర్ అనే ముసలి చిత్రకారుడున్నాడు. పదేళ్లుగా ఒకే స్త్రీ చిత్రాన్ని ఎవరికీ చూపించకుండా దిద్దుతూ ఉంటాడు. చివరికి చూపిస్తే ఏముంది, రంగుల గందరగోళంలో ఒక మూల అందమైన పాదం ఒక్కటి బతికి ఉంటుంది. ఈ కథ విని సెజాన్ కళ్ల నీళ్లతో తననే చూపించుకున్నాడని చెబుతారు. ఫ్రెన్‌హోఫర్‌కు చెయ్యి ఉంది, పట్టుదల ఉంది. పరాయి కన్ను లేదు. పదేళ్ల పాటు తన మనసులోని బొమ్మనే చూసుకున్నాడు తప్ప, గుడ్డ మీద ఉన్న దాన్ని చూడలేదు. గురజాడ పన్నెండేళ్లు తీసుకుని నాటకాన్ని ఎక్కడికో తీసుకెళ్లారు. ఈయన పదేళ్లు తీసుకుని బొమ్మను పాడుచేశాడు. కాబట్టి దిద్దడం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్నకు అర్థం లేదు. దేన్ని చూస్తూ దిద్దుతున్నామన్నదే లెక్క.

ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో తీరికవేళ కథలు రాసుకునేవాళ్లు, బొమ్మలు వేసుకునేవాళ్లు తప్పకుండా ఉంటారు. మొదటిసారి సరిగ్గా రాలేదని కాగితం చింపి పారేసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు ఒక్క మాట. చింపకండి. తేదీ వేసి దాచండి. కొన్నాళ్లు పోయాక తీసి, పక్కింటివాళ్లు రాసి ఇచ్చినట్టుగా చదవండి. మీరు చెప్పాలనుకున్నది కాసేపు మరిచిపోయి, ఆ కాగితం ఏం చెబుతోందో వినండి. దిద్దిన ప్రతిని పాత ప్రతి పక్కన పెట్టి పోల్చండి. ప్రతి మార్పుకూ 'ఇందుకు మార్చాను' అని కారణం చెప్పగలిగినంత కాలం దిద్దండి. పొద్దున తీసేసిన మాటనే సాయంత్రం మళ్లీ పెడుతున్నారంటే పని అయిపోయినట్టే. ఇంకొకరి చేతికి ఇచ్చెయ్యండి. మెరుపులాంటి ఆలోచన రావడం మన చేతుల్లో లేదు. వచ్చిన దాన్ని రెండోసారి నిజాయతీగా చూడటం మాత్రం సాధనతో వచ్చే విద్య. ఠాగూర్ దాన్ని అరవై దాటాక కొత్త కళలో మొదటినుంచీ మొదలుపెట్టారు. మనకూ ఆలస్యమేమీ కాలేదు.